తాబేలు మోకాలు

అమ్మాయీ,

నువ్వు తిరగరాసిన చైనా కథలు రెండూ, వాటికి మీ స్నేహితుడు వేసిన పెన్సిల్ బొమ్మలూ చూశాను. ఆలస్యమైనందుకు ఏమనుకోకు, కంటి ఆపరేషనైంది.

ముందు నూతిలో కప్ప సంగతి. మనం ఆ మాటను తిట్టుగానే వాడతాం. చైనా వాళ్ల జువాంగ్‌జీ గ్రంథంలో దానికి చక్కటి కథ ఉంది. తూర్పు సముద్రపు తాబేలును కప్ప తన నూతిలోకి రమ్మంటుంది. తాబేలు ఎడమకాలు ఇంకా లోపల పెట్టనే లేదు, కుడి మోకాలు ఇరుక్కుపోతుంది! నీ రాతలో ఆ మోకాలేదీ? "తాబేలు నూతిలో పట్టలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసి, సముద్రం ఎంత పెద్దదో పది వాక్యాలు రాశావు. నాలుగేళ్ల పిల్లకు సముద్రం ఎంతైతేనేం? ఇరుక్కోవడమంటే మాత్రం తెలుసు. కిటికీ ఊచల్లో తల దూర్చి ఏడ్చే వయసది. ఆ మోకాలికి ఒక పేజీ మొత్తం ఇవ్వు.

నేనూ ఒకప్పుడు ఒక బడిలో ఈ కథ చెప్పి, చివర నీతి కూడా అప్పజెప్పాను. వెనక నుంచి ఒక బుడ్డోడు "మరి తాబేలు కాలు వచ్చిందా?" అన్నాడు. వాడింకా ఆ నూతి దగ్గరే ఉన్నాడు. మూలంలో తాబేలు మెల్లగా వెనక్కి జరుగుతుంది. ఆ మాట నేను మింగేశాను, నువ్వూ మింగేశావు.

రెండోది పాతకాలపు చైనా తత్వవేత్త మెంగ్‌జీ చెప్పిన సోంగ్ రాజ్యపు రైతు కథ. మొలకలు ఎదగడం లేదని ఒక్కోదాన్నీ కాస్త పైకి లాగి, అలసిపోయి ఇంటికొచ్చి, "ఇవాళ మొలకలకు సాయం చేశాను" అంటాడు. కొడుకు చేలోకి పరుగెడతాడు. నువ్వు అక్కడ "తొందరపాటు తగదు" అని రాశావు. కొట్టెయ్. కొడుకు పరుగుతో కుడి పేజీ అయిపోవాలి. తిప్పితే వాడిపోయిన చేను, అక్షరం లేకుండా. షాంఘైలో పుట్టిన అరచేతి బొమ్మల పుస్తకాలు దొరికితే చూడు. వాటిలో పేజీకో బొమ్మ, కింద రెండు మూడు వరుసలు. వీధి దుకాణాల్లో చిల్లర డబ్బులకు అద్దెకు తీసుకుని, అక్కడే కూర్చుని చదివేవాళ్లట పిల్లలు.

బొమ్మల అబ్బాయికి కూడా రెండు మాటలు చెప్పు. అతను నీళ్లు నిలిచిన మాగాణి వేశాడు. సోంగ్ రాజ్యం ఇప్పటి హెనాన్ ప్రాంతం. ఆ రోజుల్లో ఉత్తర చైనాలో ముఖ్యమైన పంట కొర్ర. కొర్ర చేను ఎలా ఉంటుందో అతనికి తెలియకపోతే అనంతపురం వైపు వెళ్లి చూసి రమ్మను, బస్సు చార్జీలే కదా. అంగీ ఎడమ అంచు కుడిదాని మీదుగా రావాలి. తిప్పి వేస్తే అక్కడి పాత ఆచారంలో అది శవానికి తొడిగే తీరు. ఇక అందరికీ ఒకే ముఖం, రెండు గీతల కళ్లు పెట్టడం మరీ అన్యాయం. తండ్రీ కొడుకులను పక్కపక్కన నిలబెడితే ఎవరెవరో తెలియాలి.

బొమ్మలు మార్చాక చివరి పేజీ కింద ఏమీ రాయకుండా పంపు. వేసవి సెలవులకు మనవరాలు వస్తోంది. దానికి చూపించి, ఏమంటుందో ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు