చెక్క లూర్‌లో బైండింగ్ వైర్ పెట్టొచ్చా?

చేత్తో చెక్కిన లూర్‌లోకి, అంటే చేపలకు ఎరగా విసిరే చెక్క బొమ్మలోకి, ఇంట్లో మిగిలిన బైండింగ్ వైర్ సరిపోతుందా, ఎంత మందం ఉండాలి అని అడిగారు. మందం సంగతి తర్వాత. బైండింగ్ వైర్ మాత్రం వద్దు, నేను పెట్టి దెబ్బతిన్నాను.

నా మొదటి లూర్ తెల్ల పొణికితో చేశాను. కొండపల్లి బొమ్మల చెక్కే, తేలిగ్గా ఉంటుంది, కత్తికి ఇట్టే లొంగుతుంది. చెరువులో రెండోసారి విసరగానే కొర్రమీను అందుకుంది. తూటికాడల్లోకి దూరబోతుంటే గట్టిగా లాగాను. లైన్ తెగలేదు, దాన్ని కట్టడానికి ముక్కు దగ్గర ఆ వైర్‌నే వంచి చేసిన రింగు తెరుచుకుంది. చేపకన్నా లూర్ పోయిందనే బాధ, మూడు సాయంత్రాల పని మరి! ఇనుప చువ్వలకు సులువుగా చుట్టడానికి ఆ వైర్‌ని కాల్చి మెత్తబరుస్తారు. చేతికి వంగేది చేపకు వంగదా? పైగా లోపల తుప్పు పట్టి రంగు పెచ్చులూడుతుంది.

ఇప్పుడు వెల్డింగ్ వాళ్లు వాడే స్టెయిన్‌లెస్ టిగ్ రాడ్ తెచ్చుకుంటున్నాను. మీటరు పొడవున తిన్నగా ఉంటుంది, చుట్ట విప్పి సాపు చేసే పని లేదు. చెరువుకి 308ఎల్ రకం చాలు. ఉప్పుటేరులో పండుగప్ప కోసమైతే 316ఎల్ అడగండి. మూడు నాలుగంగుళాల లూర్‌కి 1.2 మి.మీ. బాగుంది. 1.6 పెడితే లూర్ బరువెక్కి ఈత మందగించింది.

షాపులో గేజి (తీగ మందం నంబరు) చెప్పకండి, మి.మీ.లోనే అడగండి. 18 గేజి బ్రిటిష్ లెక్కలో 1.22, అమెరికా లెక్కలో 1.02. అయస్కాంతం కాస్త అంటుకున్నా కంగారు పడొద్దు, మామూలు 304 రకం స్టెయిన్‌లెస్ కూడా తీగగా సాగదీశాక కొంచెం అంటుకుంటుంది.

వంచింది మళ్లీ సాపు చేసి వంచితే అక్కడే విరగొచ్చు. గట్టిగా ఉందని మంట మీద ఎర్రగా కాల్చొద్దు. మెత్తబడిపోతుంది, నీళ్లలో ముంచినా ఆ గట్టిదనం తిరిగిరాదు.

ముక్కు నుంచి తోక దాకా ఒకే తీగ వేయండి. పొట్ట కింద గాడి కోసి, తీగ కూర్చి, అరల్డైట్ జిగురుతో నింపేయండి. చెక్క చీలినా చేప తీగకే ఉంటుంది. రంగు వేసే ముందు ముక్కు రింగుని మేకుకి తగిలించి, తోక రింగుకి ఐదారు లీటర్ల నీళ్ల బకెట్ వేలాడదీసి చూడండి. తెరుచుకునేదైతే ఇంట్లోనే తెరుచుకుంటుంది.