ఎంటర్‌ప్రైజ్ పడవకి తెడ్లు కట్టే ముందు

చిరంజీవి వాసుకి,

ఆశీస్సులు.

హుస్సేన్‌సాగర్‌లో రేసులాడిన పాత ఎంటర్‌ప్రైజ్ (ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ) కొన్నావనీ, దాన్ని కాకినాడ తీసుకెళ్లి బేలో తిరగాలనుకుంటున్నావనీ, గాలి పడిపోతే తెడ్లు వేసుకునేలా మార్చాలనీ రాశావు. మంచి పడవే దొరికింది. 1956లో జాక్ హోల్ట్ గీసిన డిజైన్ అది. నాలుగు మీటర్ల పైచిలుకు పొడవు, 1.6 మీటర్ల వెడల్పు, ఒట్టి డొక్క (పడవ శరీరం) బరువు 90 కిలోల చిల్లర. రేసు తెరచాపలు 113 చదరపు అడుగులు. వాటితోపాటు విహారానికని 80 చదరపు అడుగుల చాపలూ ఉన్నాయి. అంటే నువ్వు అనుకున్న పని ఆ పడవకి కొత్తేమీ కాదు.

నీ జాబితా చూశాను. తెడ్లు, సీటు, సామాన్ల పెట్టె, టెంటు... అన్నీ కావలసినవే గానీ వరస తప్పింది. రేసులో బోల్తా పడితే నిమిషాల్లో రక్షణ పడవ పక్కకొచ్చి నిలబడుతుంది. బేలో నీకోసం ఎవరూ రారు. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: నీళ్లు నిండిన పడవని మీరిద్దరే లేపి, తోడి, ఎక్కి నడపగలరా?

ముందు డొక్క చూడు. ప్లైవుడ్‌దైతే స్క్రూడ్రైవర్ మొనతో నాలుగు చోట్ల నొక్కు: వెనక పలక కింది మూలలు, సెంటర్‌బోర్డు (అడుగు చీలికలోంచి నీళ్లలోకి దించే పలక) పెట్టె మొదలు, మాస్టు (తెరచాప కట్టే నిలువు స్తంభం) నిలబడే చోటు, అడుగు పలకా పక్క పలకా కలిసే అతుకు. మొన దిగబడితే ఆ ముక్క కోసెయ్యి. పైన ఎపాక్సీ పూస్తే లోపలి పుచ్చు ఆగదు. కొత్త ముక్కకి ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న 6 మి.మీ. మెరైన్ ప్లై వాడు, కోసిన అంచులకి ఎపాక్సీ మూడు పూతలు వెయ్యి. ఫైబర్ డొక్కైతే రూపాయి బిళ్లతో తడుతూ వెళ్లు. ఖంగుమంటే సరే, మొద్దుగా పలికితే అక్కడ పొరలు విడిపోయాయని. సెంటర్‌బోర్డు బోల్టు దగ్గర రబ్బరు వాషర్లు ఎలా ఉన్నా మార్చెయ్యి.

ఇంకో సంగతి. ఆ పడవ ఇన్నాళ్లూ మంచినీళ్లలో తిరిగింది, ఇప్పుడు ఉప్పునీళ్లలోకి వెళుతోంది. ఇనుప మరలు, ఇత్తడి మేకులు తీసి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి వెయ్యి. అల్యూమినియం మాస్టులోకి స్టీలు మర దిగేచోట మధ్యలో జింక్ క్రోమేట్ పేస్టు రాయి, లేకపోతే మర చుట్టూ అల్యూమినియం తెల్ల పొడిగా రాలిపోతుంది. మాస్టుని పట్టే తీగలు చివర గొట్టంలోకి దూరే దగ్గర పాత గుడ్డతో తుడిచి చూడు. గుడ్డకి ఒక్క పోగు తగులుకున్నా మూడు తీగలూ మార్చు.

ఇప్పుడు అసలు పని, తేలడం. పడవ నిండితే లోపల దగ్గరదగ్గర 600 లీటర్ల నీళ్లుంటాయి. ఒక లీటరు గాలి సుమారు ఒక కిలోని మోస్తుంది. నీ పడవలో గాలి సంచులుంటే గట్టిగా ఊది రాత్రంతా వదిలెయ్యి, పొద్దున మెత్తబడిన సంచి పనికిరాదు. వాటిని పట్టే పట్టీలు 5 సెం.మీ. వెడల్పుండాలి, సంచికి మూడు చొప్పున. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. సంచి మంచిదే కొంటారు, పట్టీని చిన్న మరతో బిగిస్తారు. 100 లీటర్ల సంచి నీళ్లలో 100 కిలోల బలంతో పైకి తంతుంది, మర ఊడుతుంది, సంచి ఎగిరిపోతుంది. పట్టీ చివరలు బోల్టుతో, అవతలి వైపు చెక్క ముక్క పెట్టి బిగించు. డబ్బు తక్కువైతే రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలు 50 మూతలు బిగించి, వల సంచిలో కట్టి ముందు డెక్కు కిందికి తోసెయ్యి, 100 కిలోల తేలుడు వచ్చేస్తుంది. థర్మోకోల్ మాత్రం వద్దు, పెట్రోలు తగిలినా పాలియెస్టర్ రెసిన్ తగిలినా కరిగిపోతుంది.

సంచులన్నీ పక్కల్లో పెట్టేస్తే బావుంటుందనిపిస్తుంది. అలా చెయ్యకు. పక్కకి పడిన పడవ మరీ ఎత్తున తేలి, గాలికి నీ చేతికందకుండా కొట్టుకుపోతుంది, లేదా పూర్తిగా తలకిందులవుతుంది. సగానికి పైగా తేలుడు ముందు, వెనక చివర్లలో ఉండాలి. దూరం వెళ్లే రోజున మాస్టు కొనకి మూత బిగించిన 10 లీటర్ల ఖాళీ డబ్బా కట్టు, పడవ తిరగబడకుండా ఆపుతుంది. సంచుల బదులు మూసిన గాలి ట్యాంకులుంటే ఒడ్డున ఉన్నంతసేపూ మూతలు తీసే ఉంచు. మన ఎండకి లోపలి గాలి ఉబ్బి అతుకులు విడతాయి.

తర్వాత పరీక్ష. నడుం లోతు నీళ్లలో సామానంతా కట్టేసి పడవని కావాలనే ముంచు. లేపి, ఇద్దరూ ఎక్కి కూర్చుని, సెంటర్‌బోర్డు పెట్టె పైఅంచు చూడు. ఆ అంచు బయటి నీటిమట్టం కంటే కిందుంటే నువ్వు బకెట్టుతో తోడినంతా ఆ చీలికలోంచి తిరిగి లోపలికొస్తుంది, సాయంత్రందాకా తోడినా ఇంతే. అప్పుడు సంచులు పెంచు, లేదా పెట్టె మీద రబ్బరు వేసిన మూత బిగించు. ఈ పరీక్ష నెగ్గకుండా తెడ్ల మీద రూపాయి కూడా ఖర్చు పెట్టకు.

చాప తగ్గించడం తేలిక. పెద్ద చాప ముందంచు 5 మీటర్లనుకో. 70 సెం.మీ. పైన రీఫు కన్నాలు (చాప కింది భాగం మడిచి కట్టే కన్నాలు) వేయిస్తే నాలుగోవంతు తగ్గుతుంది, 150 దగ్గర వేయిస్తే సగానికి వస్తుంది. చాప త్రికోణం కాబట్టి కింద కొంచెం మడిచినా విస్తీర్ణం చాలా తగ్గుతుంది. వెనకంచు కన్నం ముందుదానికన్నా కాస్త పైన ఉండాలి, లేకపోతే బూము (చాప కింది అడ్డకొయ్య) వాలి నెత్తికి తగులుతుంది. రెండూ వేయించు. ముందు చాపకి చుట్టే డ్రమ్ము పెట్టించుకుంటే ముక్కు మీదికి పాకే పని తప్పుతుంది.

ఇక తెడ్లు. పొడవు ఎంతని అడిగావు. రోలాకుల (తెడ్డు ఆనించి లాగే కొక్కేల) మధ్య దూరంలో సగం తీసుకుని 5 సెం.మీ. కలుపు. అది తెడ్డులో లోపలి భాగం. దాన్ని 25తో గుణించి 7తో భాగిస్తే మొత్తం పొడవు. రోలాకులు పడవ బయటి అంచున, 156 సెం.మీ. ఎడంగా పెడితే దాదాపు 3 మీటర్ల తెడ్డు కావాలి, దాన్ని పడవలో ఎక్కడా పెట్టలేవు. సైడ్ డెక్కు లోపలి అంచుకి జరిపి 126 సెం.మీ. చేస్తే 243 సెం.మీ., అంటే ఎనిమిది అడుగులు, సరిగ్గా సరిపోతుంది. అయితే అప్పుడు తెడ్డు డెక్కు బయటి అంచుకి రాసుకుంటుంది. అందుకని రోలాకు కింద కనీసం 7 సెం.మీ. ఎత్తు టేకు దిమ్మ వెయ్యి, డెక్కు అడుగున పలక పెట్టి బోల్టు బిగించు.

రోలాకు, సీటు వెనక వైపు అంచు నుంచి 30 సెం.మీ. వెనక్కి, సీటు కన్నా 20 సెం.మీ. ఎత్తున ఉండాలి. ఈ కొలతలు మనిషిని బట్టి రెండు మూడు సెం.మీ. మారతాయి, కాబట్టి ముందు సి-క్లాంపులతో దిమ్మని పట్టించి ఒక పూట తెడ్లు వేసి చూసి అప్పుడే కన్నాలు తొలువు. పాదాలకి అడ్డుచెక్క తప్పదు, లేకపోతే ప్రతి లాగుకీ సీటు మీద జారతావు. తెడ్లకి టేకు వద్దు, బరువు. కణుపులు లేని దేవదారు తీసుకో, రోలాకు తగిలేచోట తోలు చుట్టు.

తెడ్లు వేసేటప్పుడు సెంటర్‌బోర్డు పైకి లాగు. చుక్కాని మాత్రం కిందే ఉంచి రబ్బరు తాడుతో మధ్యలో కట్టెయ్యి, అప్పుడే పడవ తిన్నగా పోతుంది. రేసు పడవ వెనక వెడల్పు, బరువు వెనక పడితే వెనక పలక నీళ్లని ఈడుస్తుంది. తెడ్డు వేస్తూ విను. వెనక బుడబుడమంటుంటే సామాను సీటుకి ముందుకి జరుపు, చప్పుడు సన్నగిల్లేదాకా.

ఇవన్నీ కుదిరినా గంటకి మూడు, మూడున్నర కిలోమీటర్లకి మించి ఆశించకు. మాస్టు నిలబడి ఉండగా గట్టి ఎదురుగాలిలో అదీ రాదు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక తెడ్ల మీద ఆధారపడే ప్రయాణం పెట్టుకోకు. తెడ్లు పొద్దుటికి, చాపలు మధ్యాహ్నానికి. బేలో అడుగంతా బురద కాబట్టి గొడుగులా మడిచే చిన్న లంగరు పట్టదు. వెడల్పు రెక్కలది 2.5 కిలోలది కొను, దానికి 2 మీటర్ల గొలుసు, 8 మి.మీ. నైలాను తాడు 30 మీటర్లు. లోతుకి అయిదు రెట్లు తాడు వదలాలి. కోరంగి మడ అడవుల పాయల్లోకి వెళ్లాలంటే ముందు అటవీశాఖ అనుమతి తీసుకో.

టెంటు సంగతి తర్వాత మాట్లాడదాం. ముంచి చూసిన రోజున పెట్టె అంచు నీటికి ఎన్ని సెం.మీ. పైన నిలిచిందో, ఇద్దరి బరువూ, సామాను బరువూ రాసి పంపు. దాన్ని బట్టి ఇంకెన్ని సంచులు కావాలో లెక్కేసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య