పానెల్ మారుద్దామంటే మెకానిక్ దొరకడే!

ప్రశ్న: నమస్తే సార్. మేం ముగ్గురం ఫ్రెండ్స్ కలిసి ఒక పాత సెస్నా 172 చిన్న విమానం కొనుక్కున్నాం, 1975 మోడల్, ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) రిజిస్ట్రేషన్. ఇంజన్ బాగుంది, బాడీ బాగుంది, ముందు మీటర్లు, రేడియోలు ఉండే పానెల్ మాత్రం అప్పటిదే. వాక్యూమ్ పంపూ దాంతో తిరిగే గైరోలూ (విమానం వంపు, దిశ చూపే మీటర్లు) తీసేయించి రెండు చిన్న డిజిటల్ డిస్‌ప్లేలు, ఒక జీపీఎస్ రేడియో పెట్టిద్దామనుకున్నాం. ఏవియానిక్స్ (విమానం ఎలక్ట్రానిక్స్) షాపులకి ఫోన్ చేస్తే ఒకళ్ళు వచ్చే ఏడాది చూద్దాం అంటారు, ఒకళ్ళు అసలు ఫోనే ఎత్తరు, ఒకాయనైతే పానెల్ మొత్తం మార్పిస్తేనే చేస్తా, చిన్న పనులు ముట్టుకోను అని మొహమ్మీదే చెప్పేశాడు. డిస్‌ప్లేలు డిస్కౌంట్‌లో ఉన్నాయి, ముందు అవి కొని పెట్టుకుని తర్వాత తీరిగ్గా మెకానిక్‌ని వెతుక్కోవచ్చా?

జవాబు: కొనకండి. ఇంకా డబ్బు కట్టలేదు కదా, సంతోషం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అవుతుంది, ఎందుకంటే చాలా షాపులు బయట కొన్న పెట్టెలు బిగించవు, వాళ్ళకి సామాను మీద వచ్చే మిగులు పోతుంది, రేపు ఏదైనా పని చెయ్యకపోతే వారంటీ ఎవరిది అనే పేచీ వస్తుంది. కొన్ని ఆటోపైలట్ల లాంటివైతే కంపెనీలు సొంత డీలర్ల ద్వారా తప్ప అమ్మవు, బిగించనివ్వవు. ఈలోగా పెట్టె మీ బీరువాలో కూర్చుంటే దాని వారంటీ గడువు కరిగిపోవచ్చు కూడా.

అసలు ఎందుకు దొరకట్లేదో చెప్తాను, అది తెలిస్తే ఎవర్ని అడగాలో తెలుస్తుంది. మీ విమానం లాంటివి వేలల్లో ఉన్నాయి. సెస్నా వాళ్ళు 172 తయారీని 1986లో ఆపేసి మళ్ళీ 1996లో మొదలుపెట్టారు, కాబట్టి ఎగురుతున్నవాటిలో బోలెడు ఆ గ్యాప్‌కి ముందువే, చాలావాటికి పాత పానెళ్ళే. 2020 జనవరి 1 నుంచి పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టుపక్కల చాలా చోట్ల ఏడీఎస్-బీ అవుట్ (విమానం తన పొజిషన్ తనే రేడియోలో పంపే పరికరం) తప్పనిసరి అయ్యేసరికి అందరూ ఒక్కసారి షాపుల మీద పడ్డారు. అది పెట్టించుకోడానికి వెళ్ళినవాళ్ళలో కొందరు ఎలాగూ పానెల్ ఊడదీశారు కదా అని ఇంకో రెండు ఐటమ్స్ కలిపారు. దానికి తోడు 2016 నుంచి తక్కువ ధర డిజిటల్ డిస్‌ప్లేలకి సర్టిఫైడ్ (ఎఫ్ఏఏ అనుమతితో ఫ్యాక్టరీలో తయారైన) విమానాల్లో అనుమతి రావడం మొదలైంది, అంతకుముందు ఈ ఊసే ఎత్తనివాళ్ళు కూడా లైన్లోకొచ్చారు. పని చేసే మనుషులు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. ఏ అండ్ పీ, అంటే విమాన మెకానిక్ లైసెన్స్‌కి స్కూల్లో చదవకుండా అనుభవం మీద వెళ్ళాలంటే ఇంజనూ బాడీ రెండిటికీ కలిపి 30 నెలల పని చూపించాలి, అంత కష్టపడి లైసెన్స్ తెచ్చుకున్న కుర్రాడికి ఎయిర్‌లైన్‌లో మంచి జీతం, షిఫ్టు, ఇన్సూరెన్స్ దొరుకుతుంటే చలిలో హ్యాంగర్‌లో మన పానెల్ కింద వెల్లకిలా పడుకోవాలని ఎందుకనుకుంటాడు చెప్పండి.

ఇంకోటి ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పని చెయ్యగలిగేవాళ్ళు మీరనుకున్నంత తక్కువేం లేరు, సంతకం పెట్టేవాళ్ళే తక్కువ. మామూలు చిన్న మార్పుకి ఏ అండ్ పీ లాగ్‌బుక్‌లో రాస్తే సరిపోతుంది, పెద్ద మార్పు కిందకి వస్తే మాత్రం ఎస్‌టీసీ (ఆ మార్పుకి ఎఫ్ఏఏ ఇచ్చిన అనుమతి) కాగితాలు, ఫారం 337 (పెద్ద మార్పుల రికార్డు ఫారం), దాని మీద ఐఏ (ఇన్‌స్పెక్షన్ చేసి ఓకే చేసే అదనపు అధికారం) ఉన్న మెకానిక్‌దో రిపేర్ స్టేషన్‌దో (ఎఫ్ఏఏ అనుమతి ఉన్న షాపు) సంతకం కావాలి. పైగా తను ఇంతకుముందు చెయ్యని పనిని ఓకే చేసే అధికారం మెకానిక్‌కి మామూలుగా ఉండదు, అందుకే ముప్పై ఏళ్ళు ఇంజన్లు విప్పినాయన కూడా వైరింగ్ అనగానే వెనకడుగు వేస్తాడు. ఆ సంతకం లాగ్‌లో ఎప్పటికీ ఉండిపోతుంది, మీరు విమానం అమ్మేసినా సరే.

మీ పానెల్ వెనక ఒకసారి టార్చ్ వేసి చూడండి, షాపువాడు చిన్న పని ముట్టుకోనని ఎందుకన్నాడో అర్థమవుతుంది. ఎప్పుడో తీసేసిన ఏడీఎఫ్ (దిక్కు చూపే పాత రేడియో) తాలూకు వైర్లు చివర్లు కత్తిరించి అలాగే వదిలేసి ఉంటాయి, ఎవరో ఇంటి కరెంటు టేపు చుట్టి ఉంటారు, ఆ జిగురు కారి దుమ్ము పట్టి ఉంటుంది, ఒక వైర్ల కట్ట యోక్ (విమానం స్టీరింగ్) వెనక రాడ్డుకి రాసుకుని పైతొడుగు అరిగిపోయి ఉంటుంది. ఒక్క డిస్‌ప్లే పెట్టడానికి చెయ్యి పెట్టినవాడు ఇవన్నీ చూశాక చూడనట్టు వదిలెయ్యలేడు. బాగు చేస్తే గంటలు పెరుగుతాయి, గంటలు పెరిగితే మీరు గొడవ పడతారు. అందుకని మొత్తం ఊడదీసి కొత్తగా వేస్తా, లేకపోతే వద్దు అంటాడు. నన్నడిగితే అతనిది అత్యాశేం కాదు.

కాబట్టి వెతకడం మొదలుపెట్టాల్సింది మీకు ఏటా యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ చేసే ఐఏ దగ్గర. సార్ మీరే చెయ్యండి అని అడక్కండి, పని వేరేవాళ్ళు చేస్తే మీరు చూసి 337 మీద సంతకం పెడతారా, పెట్టాలంటే ఏం కావాలి అని అడగండి. ఆయన ఊ అంటే సగం పని అయినట్టే. తర్వాత వైరింగ్ తెలిసిన మనిషి కావాలి, ఫ్లయింగ్ స్కూల్ మెకానిక్‌లని, సాయంత్రాలు సొంతంగా పని చేసే ఏవియానిక్స్ టెక్నీషియన్లని అడగండి, ఈమధ్య ఇదే మోడల్‌కి ఇదే పని చేయించుకున్న ఓనర్లు ఎవరైనా తెలిస్తే వాళ్ళ మెకానిక్ పేరు కనుక్కోండి. వైర్ల హార్నెస్ (కనెక్టర్లతో సహా వైర్ల కట్ట) డ్రాయింగ్ ప్రకారం ముందే తయారు చేసి పంపేవాళ్ళు ఉన్నారు, అది తెప్పిస్తే విమానం దగ్గర పట్టే టైమ్ బాగా తగ్గుతుంది. స్టాటిక్ లైన్ (ఎత్తు, వేగం మీటర్లకి గాలి పీడనం తెచ్చే గొట్టం) విప్పాక చెయ్యాల్సిన లీక్ టెస్టుకి, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి జవాబిచ్చే పెట్టె) టెస్టుకి ఆ పరికరాలున్న రిపేర్ స్టేషన్‌కి వెళ్ళండి, అది చిన్న పని కాబట్టి స్లాట్ త్వరగానే దొరుకుతుంది. డేటు మాత్రం యాన్యువల్‌తో కలిపి పెట్టుకోండి, ఎలాగూ సీట్లు, ఫ్లోర్ మూతలు అన్నీ తీసే ఉంటాయి.

ఫోన్‌లో సార్ ఎంతవుద్ది అంటే ఎవరూ చెప్పరు. ఒక మెయిల్ రాయండి, అందులో మోడల్, సీరియల్ నంబర్, పానెల్ ముందు వెనక ఫొటోలు, ఇప్పటి వెయిట్ అండ్ బ్యాలెన్స్ షీటు, ఎక్విప్‌మెంట్ లిస్టు, పాత 337లు, ఏం తీసెయ్యాలి ఏం పెట్టాలి, ఎస్‌టీసీ మోడల్ లిస్టులో మీ విమానం ఉందో లేదో, ఇవన్నీ పెట్టండి. ఆటోపైలట్ ఉంటే అదేంటో తప్పకుండా రాయండి, పాత ఆటోపైలట్లలో కొన్ని ఆ వాక్యూమ్ గైరో నుంచే సిగ్నల్ తీసుకుంటాయి, గైరో పీకేస్తే ఆటోపైలట్ కూడా పోతుంది, సగం పనయ్యాక ఈ సంగతి బయటపడితే విమానం నెలల తరబడి హ్యాంగర్‌లోనే.

ప్రశ్న: నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్‌ని, ప్రైవేట్ పైలట్ లైసెన్స్ కూడా ఉంది. ఈ వైరింగ్ నాకు చిన్నపిల్లల ఆట. సొంత విమానానికి నేనే చేసుకుంటే తప్పేంటి?

జవాబు: చెయ్యొచ్చండి, కానీ ఒంటరిగా కాదు. ఎఫ్ఏఏ పార్ట్ 43 (మెయింటెనెన్స్ రూల్స్) ప్రకారం లైసెన్స్ ఉన్న మెకానిక్ దగ్గరుండి చూస్తూ, అడిగితే చెప్పడానికి అందుబాటులో ఉంటే మీరు చేతులు పెట్టొచ్చు, చివర్లో చెక్ చేసి సంతకం పెట్టేది ఆయనే. యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ లాంటి తనిఖీలు మాత్రం ఇలా కుదరవు, మీరు స్క్రూలు విప్పి మూతలు తియ్యొచ్చంతే. ఆయిల్ మార్చడం, టైరు, బ్యాటరీ, స్పార్క్ ప్లగ్‌లు లాంటివి పైలట్ ఓనర్ సొంతంగా చేసుకుని లాగ్‌లో రాసుకోవచ్చు. ట్రేలోకి దూర్చే రకం నావ్ (దారి చూపే), కామ్ (మాట్లాడే) రేడియోని తీసి మళ్ళీ పెట్టుకోవడం కూడా ఆ లిస్టులోనే ఉంది, ట్రాన్స్‌పాండర్, డీఎంఈ (దూరం కొలిచే పరికరం), ఆటోపైలట్ మాత్రం లేవు.

చిన్నపిల్లల ఆట అన్న మాట మాత్రం ఆ మెకానిక్ ముందు అనకండి, ఆ రోజే దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. ఇంజనీర్లంటే వాళ్ళకి కొంచెం భయం, నిజం చెప్పాలంటే అందులో న్యాయం ఉంది. బల్ల మీద సోల్డర్ చేస్తే బ్రహ్మాండంగా పని చేసే జాయింటు ఇంజన్ వణుకుడికి సోల్డర్ అయిపోయిన చోట విరుగుతుంది, అందుకే ఇక్కడ ఎక్కువగా సరైన టూల్‌తో క్రింప్ చేస్తారు, అంటే పిన్‌ని వైరు చుట్టూ నొక్కి బిగిస్తారు. వైరు కూడా విమానాలకని తయారైందే వాడాలి, మామూలు పీవీసీ వైరు కాలితే కాక్‌పిట్ నిండా విషపు పొగ. ముందు ఒక శాంపిల్ కనెక్టర్ చేసి ఆయనకి చూపించండి, నచ్చితే హార్నెస్ మీకే వదిలేస్తాడు, మీకు డబ్బు మిగులుతుంది, ఆయనకి నడుము నొప్పి తప్పుతుంది.

ప్రశ్న: ఈ తలనొప్పంతా ఎందుకు, సర్టిఫైడ్ విమానం అమ్మేసి ఎక్స్‌పెరిమెంటల్ కొనుక్కుంటే మెకానిక్‌తో పనే ఉండదట కదా?

జవాబు: సగం నిజం. ఇళ్ళలో కట్టుకున్న ఎక్స్‌పెరిమెంటల్ విమానం మీద పని ఎవరైనా చెయ్యొచ్చు, ఎస్‌టీసీ అక్కర్లేదు, పరికరాలు కూడా చౌక. కానీ ఏటా కండిషన్ ఇన్‌స్పెక్షన్‌కి మామూలుగా సంతకం పెట్టేది దాన్ని కట్టి రిపేర్‌మన్ సర్టిఫికెట్ తీసుకున్న మనిషి, లేదా ఏ అండ్ పీ. మీరు సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఆ సర్టిఫికెట్ మీకు రాదు, కట్టినాయన దగ్గరే ఉంటుంది. అంటే చాలావరకు మళ్ళీ ఏ అండ్ పీని వెతుక్కోవాల్సిందే, ఐఏ అక్కర్లేదు అదొక్కటే లాభం. పైగా వేరేవాళ్ళు గ్యారేజీలో కట్టిన విమానాన్ని ముట్టుకోడానికి ఒప్పుకోని మెకానిక్‌లు చాలామంది ఉంటారు, కాబట్టి కొనేముందే మీ మెకానిక్‌ని తీసుకెళ్ళి చూపించండి, ఆయన కాదంటే బేరం వదిలెయ్యండి.