టెక్ సందేహాలు: డ్రోన్ కొనేముందు టైప్ సర్టిఫికెట్ అడగండి

ఖమ్మంలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లకు 700 గ్రాముల డ్రోన్ వాడుతున్నాను. హైదరాబాద్‌లో బిల్లు లేకుండా కొన్నది. రెండు కిలోల లోపు డ్రోన్‌కు లైసెన్స్ అక్కర్లేదని అమ్మినతను చెప్పాడు. నిజమేనా?

సగమే నిజం. 'డ్రోన్ రూల్స్ 2021' ప్రకారం 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో. మైక్రో డ్రోన్‌ను సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ (మీరన్న లైసెన్స్ ఇదే) అక్కర్లేదు. డబ్బు తీసుకుని పెళ్లి షూట్ చేస్తే కావాలి. నానోకైతే ఎలా వాడినా ఈ సర్టిఫికెట్ అడగరు. కాకపోతే బరువంటే ఎగిరేటప్పటి మొత్తం బరువు. 249 గ్రాముల డ్రోన్‌కు పెద్ద బ్యాటరీయో, ప్రొపెల్లర్ గార్డులో తగిలించారంటే అది మైక్రో అయిపోయినట్టే.

పైలట్ సర్టిఫికెట్ సంగతి తర్వాత. మీకు అసలు చిక్కు డ్రోన్‌తోనే. ప్రతి డ్రోన్‌కూ యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. బండికి నంబర్ ప్లేటు లాంటిదన్నమాట. దీనికి ఫీజు 100 రూపాయలే. ఫారం డీ-2లో డ్రోన్ సీరియల్ నంబరు, లోపలి ఫ్లైట్ కంట్రోల్ మాడ్యూల్ నంబరు, రిమోట్ నంబరు ఇవ్వాలి. వీటితోపాటు ఆ మోడల్ టైప్ సర్టిఫికెట్ నంబరు కూడా. మీ బోటి వాళ్ల దరఖాస్తు ఆగిపోయేది ఇక్కడే. టైప్ సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సింది తయారీ సంస్థ, అదీ ఒక్కో మోడల్‌కు విడివిడిగా పరీక్షలు చేయించి. కొన్నవాళ్లు తర్వాత ఎక్కడ తిరిగినా దొరకదు. నానోలకు, సొంత సరదాకి కంటి ఎదుటే ఎగరేసే మోడళ్లకు మినహాయింపు ఉంది గానీ కమర్షియల్ షూట్ అందులోకి రాదు.

కాబట్టి పైలట్ కోర్సు చేస్తే ఈ డ్రోన్ చట్టబద్ధం అయిపోతుందనుకుని ముందే శిక్షణకు డబ్బు కట్టొద్దు. టైప్ సర్టిఫికెట్ ఉన్న మోడల్‌ను జీఎస్టీ బిల్లుతో కొనండి. బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోండి. కోర్సు ఆ తర్వాత. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ సంస్థలోనే చేరాలి. అనుమతి లేని చోట ఇచ్చే 'కోర్సు పూర్తి' కాగితం ఫ్రేమ్ కట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అసలు పైలట్ సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. మీరు ఏ తరగతి డ్రోన్ నడపొచ్చో అందులోనే రాసి ఉంటుంది.

షూట్ రోజు పొద్దున్నే డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో, ఎక్కడ కూడదో జోన్లుగా చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్ ఇది. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అడగక్కర్లేదు. విమానాశ్రయ సరిహద్దు నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. ఇంకా దగ్గరకొస్తే గ్రీన్ అనేదే ఉండదు. హైదరాబాద్‌కు బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్, ఇలా నాలుగు వైపులా ఎయిర్‌ఫీల్డులే. అక్కడ ఫంక్షన్ హాల్ ఎక్కడో తెలియకుండా డ్రోన్ షాట్లకు మాటివ్వకండి. మ్యాప్‌ను ముందు రోజు చూస్తే చాలదా అంటే, చాలదు. ఎస్పీ, అంతకు పైస్థాయి పోలీసు అధికారి ఏ ప్రాంతాన్నైనా 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా, అంటే డ్రోన్ ఎగరేయకూడని చోటుగా ప్రకటించొచ్చు. నిబంధన మీరితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

మా రైతు సంఘం మందు పిచికారీ డ్రోన్ కిందపడితే ఫ్లైట్ కంట్రోలర్ మార్పించాం. పాత యూఐఎన్ సరిపోతుందా? నడిపే కుర్రాడు ఇంటర్ ఫెయిల్. వాడికి సర్టిఫికెట్ వస్తుందా?

కుర్రాడి గురించి బెంగ అక్కర్లేదు. పదో తరగతి పాసై, వయసు 18-65 మధ్య ఉంటే చాలు. పాస్‌పోర్టు లేదని ఆగక్కర్లేదు. 2023 సవరణ తర్వాత ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు కూడా చెల్లుతున్నాయి.

యూఐఎన్ పాతదే ఉంటుంది. కానీ అది పాత ఫ్లైట్ కంట్రోలర్ (మాడ్యూల్) నంబరుతో ముడిపడి ఉంది కదా! మాడ్యూల్ గానీ రిమోట్ గానీ మారిస్తే ఏడు రోజుల్లో కొత్త సీరియల్ నంబరును యూఐఎన్ తీసుకున్న ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. మెకానిక్ పాత బోర్డు విసిరేయకముందే రెండు స్టిక్కర్లూ ఫొటో తీసి పెట్టుకోండి. డ్రోన్‌లో ఉన్న నంబరు ఒకటి, రికార్డులో ఉన్నది ఇంకొకటి అయితే బీమా క్లెయిమ్‌లో మొదటి పేచీ దాని మీదే వస్తుంది. నానోకు తప్ప థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ప్రమాదం జరిగితే 48 గంటల్లో పోర్టల్‌లో తెలియజేయాలి.

ఇంకొకటి. ట్యాంకు నిండా మందు పోశాక బరువు 25 కిలోలు దాటే డ్రోన్లు స్మాల్ నుంచి మీడియం తరగతిలోకి వెళ్తాయి. రేపు పెద్దది కొనే ఆలోచన ఉంటే కుర్రాడి సర్టిఫికెట్‌లో ఏ తరగతి రాసుందో చూసుకోండి.

డాలస్‌లో ఉండే అన్నయ్య వచ్చేటప్పుడు 249 గ్రాముల డ్రోన్ తెస్తానంటున్నాడు. డ్యూటీ ఎంత పడుతుంది?

డ్యూటీ కట్టి తెచ్చుకునే వస్తువు కాదిది. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. విడిభాగాలు తెప్పించుకోవచ్చు గానీ పూర్తి డ్రోన్‌ను ముక్కలుగా విప్పి తెచ్చినా నిషేధమే. నానో అయినంత మాత్రాన సడలింపు లేదు.

ఒకవేళ ఇప్పటికే సూట్‌కేసులో సర్దేసి ఉంటే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లకు వస్తువులు చూపించే రెడ్ ఛానల్‌కు వెళ్లి ఉన్నది ఉన్నట్టు డిక్లేర్ చేయమనండి. కస్టమ్స్ చట్టం సెక్షన్ 80 కింద దాన్ని అక్కడే ఉంచి, తిరిగి వెళ్లేటప్పుడు ఇమ్మని కోరొచ్చు. రసీదు తప్పకుండా తీసుకోవాలి. తిరుగు ప్రయాణం కూడా అదే విమానాశ్రయం నుంచి పెట్టుకుంటే మంచిది. ఏమీ లేదన్నట్టు గ్రీన్ ఛానల్‌లో వెళ్తూ దొరికిపోతే ఈ వెసులుబాటు ఉండదు.