కుక్క ఫ్లీ మందు పిల్లికి వేశారా? ముందు ఇది చదవండి

ప్రశ్న: మా కుక్కకు నాలుగేళ్లు, ఇరవై కిలోల పైనే ఉంటుంది. ఫ్లీలు (ఒంటి మీద గెంతుతూ రక్తం తాగే చిన్న పురుగులు) పట్టాయని మెడ మీద వేసే చుక్కల మందు తెచ్చి వేశాను. మూడు వారాలైనా ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. మందు నకిలీదేమో అనిపిస్తోంది. అసలు ఈ మందులు ఎలా పనిచేస్తాయి? మాత్రలైతే మేలా? గొట్టంలో మిగిలిన మందు కాస్త మా పిల్లికి కూడా వేశాను. ఆ రోజంతా చొంగ కార్చుకుంది, తర్వాత సర్దుకుంది. వచ్చే నెల దానికి ఎంత వేయాలో చెప్పగలరు. – ఒక పాఠకుడు

జవాబు: మీ కుక్క సంగతి కాసేపు పక్కన పెడదాం. పిల్లికి వచ్చే నెల ఎంత వేయాలని అడిగారు. ఒక్క చుక్క కూడా వేయకండి.

మీరు మందు పేరు రాయలేదు. అందుకే నాకు భయం. కుక్కలకు వేసే చుక్కల మందుల్లో కొన్నింటిలో పర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది, అదీ 45 నుంచి 65 శాతం దాకా. కుక్క కాలేయం దాన్ని విరిచి బయటకు పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. కాబట్టి మందు ఒంట్లోనే ఉండిపోయి నాడులను రేపుతుంది. ఇలాంటి పిల్లిని దగ్గర నుంచి చూస్తే మొదట చెవి కొనలు అదురుతుంటాయి. పాదానికి ఏదో అంటుకున్నట్టు విదిలిస్తూ ఉంటుంది. ముట్టుకుంటే ఉలిక్కిపడుతుంది. తర్వాత ఒళ్లంతా వణుకు, ఆపైన ఫిట్స్. కొన్ని గంటల్లోనే మొదలుకావచ్చు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు.

మీ పిల్లి చొంగ కార్చడానికి కారణం మందును నాకడం కావచ్చు. చేదు తగిలితే పిల్లులు అలాగే నురగ కక్కుతాయి, పెద్ద ప్రమాదం లేని మందులతోనూ ఇది జరుగుతుంది. లేదా అది విషప్రభావపు తొలి మెట్టు కావచ్చు, మోతాదు తక్కువ పడి గట్టెక్కి ఉండవచ్చు. చూడకుండా ఏదీ తేల్చి చెప్పలేను. ఇప్పుడు హుషారుగా తింటూ తిరుగుతుంటే అత్యవసరం లేదు కానీ, ఈ వారంలో ఒకసారి పశువైద్యుడికి చూపించండి.

ఇది చదువుతున్న మరెవరైనా ఈ రోజే ఆ పని చేసి ఉంటే, సర్దుకుంటుందేమో చూద్దామని కూర్చోకండి. పిల్లికి వణుకు లేకపోతే, గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో మందు వేసిన చోటు కడిగి, తుడిచి, వెచ్చగా చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేడి నీళ్లు వద్దు, చర్మం మందును ఇంకా లాక్కుంటుంది. వాంతి చేయించే ప్రయత్నమూ వద్దు. వణుకు మొదలైతే కడగడానికి కూడా ఆగకండి. ఇంకో మాట. కుక్కకు పర్మెత్రిన్ వేసిన ఇంట్లో పిల్లి దాన్ని నాకినా, పక్కన పడుకున్నా చాలు. ప్యాకెట్ మీద చెప్పినంత కాలం రెండింటినీ వేరుగా ఉంచాలి.

ఇప్పుడు మీ ప్రశ్న. మందు నకిలీదని నేను అనుకోవడం లేదు. గొట్టంలో మందు మిగిలిందని మీరే రాశారు. బరువును బట్టి తయారైన గొట్టం అయితే అది ఒక జంతువుకు పూర్తి మోతాదు. అందులో కొంత పిల్లికి పోయిందంటే మీ కుక్కకు తక్కువ పడింది. పిల్లికి అక్కర్లేనిది పడింది, కుక్కకు కావలసింది పడలేదు.

వేసే పద్ధతిలోనూ పొరపాటు జరగవచ్చు. చాలామంది వెంట్రుకల మీద పోస్తారు. వెంట్రుకలను పాయగా విడదీసి చర్మం కనిపించే చోట వేయాలి. ఫిప్రోనిల్ వంటి మందు చర్మం మీది నూనెతో కలిసి ఒకటి రెండు రోజుల్లో ఒళ్లంతా పాకుతుంది, నూనె గ్రంథుల్లో నిల్వ ఉండి వారాల పాటు కొద్దికొద్దిగా ఊరుతూ ఉంటుంది. ఫ్లీ కుట్టనక్కర్లేదు, ఆ నూనె తగిలితే చాలు. పురుగు నాడులను శాంతింపజేసే దారులను ఈ మందు మూసేస్తుంది, అది గిలగిలలాడి చస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ కూడా తగిలితేనే చంపుతుంది, అది పట్టుకునే నాడీ గ్రాహకం వేరు. సెలామెక్టిన్ మాత్రం చర్మం గుండా రక్తంలోకి వెళ్తుంది. చుక్కల మందు వేయడానికి రెండు రోజుల ముందు, వేశాక రెండు రోజుల వరకు స్నానం చేయించవద్దని ఎక్కువగా చెబుతాం. షాంపూ ఆ నూనెను కడిగేస్తుంది.

ఇవన్నీ సరిగ్గా చేసినా మూడో వారంలో ఫ్లీలు కనిపించవచ్చు. మీ కుక్క మీద మీరు చూస్తున్నవి మొత్తం సంతతిలో దాదాపు ఐదు శాతమే. మిగతావి గుడ్లు, లార్వాలు (గుడ్డు నుంచి వచ్చే పిల్ల పురుగులు), ప్యూపాలు (గూటిలో ఉండే దశ)గా మీ ఇంట్లో ఉన్నాయి. ఆడ ఫ్లీ రోజుకు 40 నుంచి 50 గుడ్ల వరకు పెడుతుంది. అవి వెంట్రుకలకు అంటుకోవు, కుక్క పడుకున్న చోటల్లా రాలిపోతాయి. లార్వాలు వెలుతురుకు దూరంగా తివాచీ అడుగున, మంచం కింద, నేల పగుళ్లలో చేరి, పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండు రక్తాన్ని తిని పెరుగుతాయి. తర్వాత గూడు కట్టుకుంటాయి. ఆ గూటిలోకి ఏ మందూ సరిగ్గా చేరదు. నెలల తరబడి అలాగే ఉండి, అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం, ఊపిరి గాలి తగలగానే బయటికి దూకుతాయి. మీరు ఇప్పుడు చూస్తున్నవి చాలావరకు అలా కొత్తగా పుట్టినవే కావచ్చు.

అందుకే కనీసం మూడు నెలలు విడవకుండా చికిత్స చేయాలి, ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకూ పిల్లికీ, దేని మందు దానికి. పరుపు గుడ్డలను వారానికోసారి వేడి నీళ్లలో ఉతకండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే మూలలన్నీ లాగి, సంచిని వెంటనే బయట పారేయండి. గుడ్లు పొదగకుండా, లార్వాలు ఎదగకుండా చేసే మెథోప్రీన్, పైరిప్రాక్సిఫెన్ వంటివి కలిసిన మందు మీ కుక్కకు సరిపోతుందేమో వైద్యుడిని అడగండి.

మాత్రలు మంచివే. అఫోక్సోలానర్, ఫ్లురాలానర్ వర్గం మందులు రక్తంలో ఉంటాయి, ఫ్లీ కుట్టి రక్తం తాగితే చస్తుంది. స్నానంతో గొడవ లేదు. ఫ్లురాలానర్ మాత్ర దాదాపు 12 వారాలు పనిచేస్తుంది. అయితే కొన్ని జంతువుల్లో వణుకు, తూలుడు, ఫిట్స్ వచ్చినట్టు నివేదికలున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. మీ కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే వైద్యుడికి తప్పక చెప్పండి. ఎవరో చెప్పారని పశువులకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ మాత్రం చేయించకండి. కోలీ వంటి కొన్ని జాతుల కుక్కలకు అది మెదడు దాకా ఎక్కుతుంది.

కనిపిస్తున్నవి ఫ్లీలేనా అన్నది కూడా చూసుకోండి. తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడి తెల్ల కాగితం మీద వేయండి. చుట్టూ తుప్పు రంగు పాకితే అది జీర్ణమైన రక్తం, ఫ్లీలు ఉన్నట్టే. గోమార్లు, పిడుదులు అని పిలిచే పురుగులు వేరు, వాటికి అన్ని ఫ్లీ మందులూ పనిచేయవు. మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కదులుతుంటే బద్దె పురుగు ఉందన్నమాట. ఫ్లీని మింగితే వస్తుంది, దానికి మందు వేరే. పిల్లి చిగుళ్లు కూడా ఒకసారి ఎత్తి చూడండి, రక్తం తగ్గి పాలిపోయి ఉంటే వారం దాకా ఆగవద్దు.

వెళ్లేటప్పుడు రెండింటినీ తీసుకెళ్లి తూకం వేయించండి. ఆ ఖాళీ గొట్టం, ప్యాకెట్ చెత్తబుట్టలోనైనా దొరికితే వెంట తీసుకెళ్లండి. పిల్లికి ఏ మందు పడిందో అక్కడి వైద్యుడికి తెలిసేది దాని మీది అక్షరాల వల్లనే.