ముందు ఆ కార్డు వెతుకు
పాపా,

రొమ్ముల్లో పెట్టించుకున్న ఇంప్లాంట్లు తీయించుకుంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పెట్టించుకున్న సంగతే తొమ్మిదేళ్లు నా దగ్గర దాచినారు. ఆ కోపం నువ్వు అనంతపురం వచ్చినప్పుడు తీర్చుకుంటాలే. ఇప్పుడు నీ అంతట నువ్వే డాక్టర్ని చూసుకుని, డబ్బు కూడబెట్టుకున్నావంటే మాత్రం నాకు గర్వంగానే ఉంది.

నీరసం, కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం వాటివల్లేనంటున్నావు. కావచ్చు. అది తేల్చే పరీక్ష ఏదీ లేదు కాబట్టి ముందు థైరాయిడ్, రక్తం చూపించుకో. స్కానింగ్ ఎట్లాగూ చేస్తారు. ఒక పక్క కొత్తగా వాపు కనబడితే మాత్రం ఆగొద్దు, లోపల చేరిన నీరు తీసి పరీక్షకు పంపమను. పైపొర గరుకుగా ఉండే రకం ఇంప్లాంట్లతో అరుదుగా లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ వస్తుంది. అలర్గన్ కంపెనీ 2019లో బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది అందుకే. నీవి ఏ రకమో, పెట్టినప్పుడు నీకిచ్చిన కార్డు మీద ఉంటుంది. ఎక్కడ పెట్టావో తెలియదంటావు, నాకు తెలుసు.

కాగితాల గోల నాకెందుకంటే, 1994లో నాకు ముప్పై నాలుగేళ్లు. తెల్లబట్ట అవుతోందని పోతే గర్భసంచి తీసేద్దామన్నారు. ఇద్దరు పిల్లలున్నారు కదా, ఇంకెందుకన్నారు. నేనూ అదే అనుకున్నా. మీ పెద్దనాన్న సంతకం పెట్టినాడు, నేను బల్లెక్కినా. వారం తిరక్కుండానే ఒళ్లంతా ఆవిర్లు, రాత్రుళ్లు నిద్ర లేదు. ఆరేళ్లకు బాత్రూంలో జారితే మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు "ఏమేం తీసినారమ్మా?" అన్నాడు. నా ఒంట్లోంచి ఏం తీసినారో నాకే తెలియదు! ఆ ఆసుపత్రిలో అడిగితే పాత రికార్డులు చెదలు తిన్నాయన్నారు. అండాశయాలు రెండూ లేవని స్కానింగులో బయటపడింది. ఆ ఆవిర్లూ, ఎముకల బలహీనతా అందువల్లేనంట. తీసినవాటిని పరీక్షకు పంపినారో, కుప్పలో పడేసినారో నేటికీ తెలియదు.

అందుకే, ఇంప్లాంటు ఒక్కటే తీస్తారా, దాని చుట్టూ ఒళ్లు కట్టిన పొర కూడానా అని అడుగు. పొర పక్కటెముకలకు అతుక్కుని ఉంటే తీసేటప్పుడు ఊపిరితిత్తికి దెబ్బ తగిలే ప్రమాదముంది. ఎంత తీస్తారో, ఎందుకు తీస్తారో రాయించుకో. తీసిన పొరను బయాప్సీకి పంపమను. సంతకం నువ్వే పెట్టు, అల్లుడు కాదు.

తీసేస్తే నీరసం పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. చాలామంది తేలికపడ్డామంటారు. రొమ్ము కొంచెం జారొచ్చు. అద్దం ముందు ఒక్కదానివే ఏడవొద్దు, నేనొచ్చాక ఏడువు.

గాయంలోంచి నీరు పోవడానికి డ్రెయిన్ పైపులు పెడితే రాత్రిళ్లు నేను చూసుకుంటా. తేదీ చెప్తే బెంగళూరు రైలుకు టికెట్ తీసుకుంటా. రాగిపిండి, ఊరుమిండి తెస్తా. ఈలోగా ఆ కార్డు వెతుకు.

మీ పెద్దమ్మ