విజయవాడలో కుటుంబంతో బయట భోజనమా? ముందు మెట్లు ఎన్నో అడగండి

"విజయవాడలో చిన్నపిల్లలు, పెద్దవాళ్లతో కలిసి వెళ్లడానికి మంచి రెస్టారెంట్లు ఏమున్నాయి?" అని అడిగారు. పేర్లు చివర్లో చెప్తాను. ముందు పోయిన దసరాకి మాకు జరిగింది వినండి.

మా అమ్మకి డెబ్భై రెండేళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. తెనాలి నుంచి వచ్చింది. గుంటూరు నుంచి అక్కా బావా, వాళ్ల నాలుగేళ్ల పాపా వచ్చారు. పండగపూట అక్కకీ మా ఆవిడకీ వంటపని ఎందుకని, బందరు రోడ్డు మీద బాగా పేరున్న ఓ రెస్టారెంటుకి వెళ్లాం. మొదటి అంతస్తు. లిఫ్టు ముందు ప్లాస్టిక్ కుర్చీ అడ్డం పెట్టి ఉంది. "పనిచెయ్యట్లేదు సార్, నాలుగు మెట్లే" అన్నాడు వాచ్‌మన్. ఇరవై నాలుగు మెట్లు! అమ్మ ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి, కమ్మీ పట్టుకుని ఎక్కింది. మలుపు దగ్గర ఆగిపోయి "మీరు పదండ్రా, నేను నిదానంగా వస్తా" అంది. నాకు కడుపులో దేవినట్టయింది.

పైకెళ్తే చీకటి. పళ్లెంలో ఏముందో అమ్మకి కనపడదు. లోపలికి కుంగిపోయే సోఫాలు, లేవాలంటే ఇద్దరం చెరోవైపు పట్టుకోవాలి. పాటల హోరులో పక్కమనిషి మాట వినపడదు. పాపకి కారం తక్కువ వెయ్యమని రెండుసార్లు చెప్పాం. "ఓకే సార్" అన్నాడు. ముప్పావుగంట తర్వాత ఎర్రగా మండుతున్న కూర వచ్చింది. పాప ఒక్క ముద్దకే ఏడుపు లంకించుకుంది.

ఈ కారం సంగతి ఒకటి తెలుసుకోండి. మా వీధిలో క్యాటరింగ్ చేసే ఆయన చెప్పాడు. పెద్ద హోటళ్లలో గ్రేవీలు పొద్దున్నే గిన్నెలకొద్దీ చేసి పెట్టేస్తారు, ఉప్పూ కారం అప్పుడే పడిపోతాయి. మనం ఆర్డరిచ్చాక ముక్కలు వేసి కలిపి ఇస్తారంతే. దమ్ బిర్యానీ అయితే అసలే చెయ్యగలిగింది లేదు. కాబట్టి "కారం తగ్గించండి" అని బతిమాలే బదులు పిల్లలకి అప్పటికప్పుడు చేసే సాదా దోసె, ఆమ్లెట్, లేదంటే పప్పూ పెరుగన్నం చెప్పండి.

బిల్లులో మళ్లీ సర్వీస్ ఛార్జీ పది శాతం! దాన్ని అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. జీఎస్టీ వేరు, మామూలు రెస్టారెంట్లకి అది 5 శాతం, ఏసీ ఉన్నా లేకపోయినా అంతే. సర్వీస్ ఛార్జీ తీసేయమని నిలబడి అడిగితే తీసేశారు. మీరూ అడగండి. తీయకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

రెండ్రోజుల తర్వాత అమ్మని కంటి డాక్టరుకి చూపించి వస్తుంటే మధ్యాహ్నమైంది. పాపా మాతోనే ఉంది. గవర్నర్‌పేటలో ఓ చిన్న భోజన హోటల్లోకి వెళ్లాం. రోడ్డు మీద నుంచి ఒక్కటే మెట్టు. వడ్డించే పెద్దాయన అమ్మ నడక చూసి, మేం ఏమీ అనకముందే బల్ల దగ్గర బెంచీ పక్కకి లాగి, క్యాష్ కౌంటర్ దగ్గరున్న చేతుల కుర్చీ తెచ్చి వేశాడు. "ఇలా కూర్చోండమ్మా, లేవడానికి బాగుంటుంది" అన్నాడు. మా విస్తళ్లు పరవకముందే చిన్న పళ్లెంలో వేడన్నం, ముద్దపప్పు, చెంచాడు నెయ్యి తెచ్చి పాప ముందు పెట్టాడు. "ముందు బుజ్జిదాన్ని తిననివ్వండి, తర్వాత మీరు తీరిగ్గా తినొచ్చు." పాప మాట్లాడకుండా తినేసింది. అమ్మ గోంగూర కలుపుకుని, గడ్డపెరుగు రెండోసారి అడిగి వేయించుకుంది. ఇంట్లో కూడా ఈమధ్య అంత అన్నం తినడం నేను చూడలేదు.

ఫ్యామిలీ రెస్టారెంట్ అంటే నా దృష్టిలో అదీ. మన ఊళ్లో ఆ మాటకి విలువే లేకుండా చేశారు. కింద బారు పెట్టి, పైన నాలుగు పార్టిషన్లు కొట్టి "ఏసీ ఫ్యామిలీ సెక్షన్" అని బోర్డు పెడతారు. ఆడవాళ్లు, పిల్లలు ఆ తాగేవాళ్ల మధ్యలోంచే పైకెళ్లాలి. చేతులు కడుక్కునే సింకు ఏ పిల్లకీ అందదు. కూర్చోగానే "మినరల్ వాటరా, నార్మలా?" అని అడిగి, నార్మల్ అంటే మొహం మాడ్చుకుంటారు. ఐదుగురికి నీళ్లకే వందకి పైన ఎందుకు పెట్టాలి?

ఇక పేర్లు. పొద్దున టిఫినుకైతే గాంధీనగర్ బాబాయ్ హోటల్. వెన్న వేసిన ఇడ్లీ పిల్లలు ఇష్టంగా తింటారు. జనం ఎక్కువ, పెద్దవాళ్లుంటే ఎనిమిదిలోపే వెళ్లండి. పిల్లలు ఒకచోట కూర్చోని రకమైతే భవానీపురంలో కృష్ణ ఒడ్డున టూరిజం వాళ్ల బెర్మ్ పార్కు మంచిది. భోజనం వచ్చేలోపు నది చూస్తూ తిరుగుతారు, బోట్లు కూడా అక్కణ్ణించే. ఏసీ హాలే కావాలంటే బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కావలసినన్ని ఉన్నాయి. బయల్దేరే ముందు మాత్రం ఫోన్ చేసి ఎన్నో అంతస్తు, లిఫ్టు ఇవాళ పనిచేస్తోందా, మామూలు కుర్చీలున్నాయా అని అడగండి. ఆదివారం రాత్రి ఎనిమిది తర్వాత ఎక్కడికెళ్లినా బయట నిలబడాల్సిందే, ఏడింటికల్లా లోపల కూర్చోండి.

దసరాకి వచ్చేవాళ్లయితే మూలా నక్షత్రం రోజు మాత్రం పెద్దవాళ్లని తీసుకుని వన్‌టౌన్ వైపు భోజనానికి బయల్దేరకండి. ఆ రోజు కొండ మీద అమ్మవారి సరస్వతీ అలంకారం, ఊరంతా జనమే. ఇంట్లోనే పులిహోర కలుపుకోండి.